పాత ర్యాక్ సర్వర్‌కు గ్రాఫిక్స్ కార్డు అమరిక: కర్నూలు, కడప ప్రాంత వ్యవసాయ పరిశోధనలో పంట తెగుళ్ళ చిత్ర విశ్లేషణకు సాధ్యాసాధ్యాల పరిశీలన

సారాంశం

పంట తెగుళ్ళను ఛాయాచిత్రాల ద్వారా గుర్తించే కంప్యూటర్ నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి గ్రాఫిక్స్ కార్డు అవసరం. కొత్త యంత్రాన్ని కొనే వనరులు లేని చోట, ఇప్పటికే ఉన్న పాత ర్యాక్ సర్వర్‌కు ఇటువంటి కార్డును జోడించడం ఒక మార్గం. అయితే కార్డు పట్టే స్థలం, విద్యుత్ సరఫరా, గాలి ప్రవాహం, ఫర్మ్‌వేర్, సాఫ్ట్‌వేర్ అనే ఐదు అంశాలను ముందుగా పరిశీలించకుండా కార్డును కొన్నచో ధనము, సర్వర్ రెండూ నష్టపోయే ప్రమాదం ఉంది. రాయలసీమ వేసవి ఉష్ణోగ్రతలను, విద్యుత్ అంతరాయాలను దృష్టిలో ఉంచుకొని ఈ అంశాలను లెక్కలతో సహా ఈ వ్యాసంలో వివరించడమైనది. తక్కువ విద్యుత్తును వాడే 70 వాట్ల తరగతి కార్డు ఈ ప్రాంతపు పరిస్థితులకు అనుకూలమని, కార్డు కన్నా స్థానిక చిత్రాల సేకరణే ఫలితాన్ని నిర్ణయిస్తుందని ఈ పరిశీలన సూచిస్తున్నది.

కీలక పదాలు: ర్యాక్ సర్వర్, గ్రాఫిక్స్ కార్డు, చిత్ర విశ్లేషణ, వేరుశనగ తెగుళ్ళు, అల్ప వర్షపాత మండలం

ఉపోద్ఘాతం

కర్నూలు ప్రాంతము అల్ప వర్షపాత మండలంలో ఉన్నది. ఈ మండలానికి నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం కేంద్రంగా పనిచేస్తున్నది. పొరుగున ఉన్న కడప జిల్లాలో ఊటుకూరు పరిశోధన స్థానం సేవలందిస్తున్నది. వేరుశనగ, శనగ, ప్రత్తి, జొన్న, మిరప ఇక్కడి ముఖ్యమైన పంటలు. వర్షాధారపు సేద్యంలో పెట్టుబడికి తగిన రాబడి వస్తుందో రాదో తెలియని రైతుకు అనవసరమైన ఒక్క పిచికారీ కూడా భారమే.

వేరుశనగలో ఈ సమస్య స్పష్టంగా కనిపిస్తుంది. తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్ళు శిలీంధ్రాల వల్ల వస్తాయి; వీటికి శిలీంధ్రనాశినులు పనిచేస్తాయి. మొవ్వుకుళ్ళు వైరస్ తెగులు. దీనిని తామర పురుగులు వ్యాపింపజేస్తాయి. దీనికి శిలీంధ్రనాశిని చల్లినచో ఖర్చే తప్ప ప్రయోజనం ఉండదు. సున్నపు పాలు అధికంగా గల నేలలలో ఆకులు పసుపు రంగుకు మారడానికి ఇనుపధాతు లోపం కారణం కావచ్చును. దీనికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేసినచో సరిపోతుంది. మూడు సందర్భాలలోనూ రైతుకు ముందుగా కనిపించేది రంగు మారిన ఆకే. కావున సరియైన గుర్తింపే సరియైన సలహాకు మూలం.

గణన సాంకేతికత ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తే సమయంపై తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. గత మూడు దశాబ్దాల వాతావరణ సమాచారాన్ని విశ్లేషించి ఈ సలహాలను రూపొందించారు. సలహాను పాటించిన పొలాలలో సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చినట్లు ఆ సంస్థలు ప్రకటించాయి. అయితే ఆ గణన అంతయూ సంస్థ వెలుపల, క్లౌడ్‌లో జరిగింది. ఇటువంటి పనిని పరిశోధన స్థానంలోనే, తన చిత్రాలతో, తన యంత్రంపై చేసుకోవడం సాధ్యమేనా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

గ్రాఫిక్స్ కార్డు ఎందుకు అవసరం?

సాధారణ ప్రాసెసర్‌లో కొద్ది సంఖ్యలో శక్తిమంతమైన కోర్‌లు ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డులో వేల సంఖ్యలో చిన్న కోర్‌లు ఉంటాయి. ఉదాహరణకు 2018లో విడుదలైన ఎన్‌విడియా టెస్లా టీ4 కార్డులో 2,560 కోర్‌లు ఉన్నాయి. చిత్రాలను గుర్తించే నమూనాలలో జరిగే పని ప్రధానంగా మాత్రికల గుణకారం. ఒకే రకమైన గుణకారాలు లక్షల సంఖ్యలో ఏకకాలంలో జరగవలసి ఉండుటచే గ్రాఫిక్స్ కార్డు ఈ పనికి సహజంగా సరిపోతుంది.

కార్డులోని జ్ఞాపకశక్తి ఎంత ఉండాలి అన్నది తరువాతి ప్రశ్న. విస్తృతంగా వాడుకలో ఉన్న రెస్‌నెట్-50 నమూనాలో దాదాపు 2.56 కోట్ల పరామితులు ఉంటాయి. ఒక్కొక్క పరామితికి 4 బైట్ల చొప్పున ఇది 102 ఎంబీ. శిక్షణ సమయంలో పరామితులతో పాటు వాటి ప్రవణతలు, ఆడమ్ పద్ధతిలో మరి రెండు సగటు విలువలు నిల్వ ఉంచవలసి ఉంటుంది కావున ఇది నాలుగు రెట్లై 410 ఎంబీ అవుతుంది. మిగిలిన జ్ఞాపకశక్తి అంతా మధ్యంతర ఫలితాల కొరకు. ఒకసారికి 32 చిత్రాల చొప్పున శిక్షణ ఇచ్చుటకు 8 జీబీ కార్డు సరిపోతుంది. 16 జీబీ ఉన్నచో సౌకర్యంగా ఉంటుంది. మొబైల్ ఫోన్‌లో పనిచేయుటకు అనువైన మొబైల్‌నెట్-వీ2లో పరామితులు 34 లక్షలు మాత్రమే. కావున ఆకు తెగుళ్ళ గుర్తింపునకు 24 జీబీ కార్డు తప్పనిసరి కాదు.

పాత సర్వర్‌లోని పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గం నిదానమైనదన్న సందేహం సహజం. దీనిని లెక్కించి చూడవచ్చును. 224 × 224 పరిమాణం గల రంగుల చిత్రం 0.6 ఎంబీ; 32 చిత్రాలు 19.3 ఎంబీ. రెండవ తరానికి చెందిన 16 వరుసల మార్గం సెకనుకు 8 జీబీ పంపగలదు. అనగా ఈ 32 చిత్రాలు 2.4 మిల్లీసెకన్లలో కార్డుకు చేరుతాయి. కావున పాత మార్గం ఇక్కడ అడ్డంకి కాదు. వాస్తవమైన ఆలస్యం హార్డు డిస్కు నుండి చిత్రాలను చదవడంలోను, వాటిని విప్పి పరిమాణం మార్చడంలోను కలుగుతుంది. ఫోన్‌లో తీసిన పెద్ద చిత్రాలను ముందే చిన్న పరిమాణానికి మార్చి ఎస్‌ఎస్‌డీపై ఉంచినచో ఈ ఆలస్యం చాలావరకు తొలగిపోతుంది.

అమరికకు ముందు పరిశీలించవలసిన అంశాలు

1. స్థలము. ర్యాక్ సర్వర్ ఎత్తును ‘యూ’ అనే కొలమానంలో చెబుతారు. ఒక యూ 44.45 మిల్లీమీటర్లు. 2యూ సర్వర్ ఎత్తు 89 మిల్లీమీటర్లు. పూర్తి ఎత్తు గల కార్డు ఇందులో నిలువుగా పట్టదు. అందువలన రైజర్ అనే ఉపపలకపై కార్డును అడ్డంగా పరుండబెడతారు. 2012లో వచ్చిన డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720 వంటి సర్వర్లలో ఈ ఏర్పాటు ఉన్నది. అయితే రైజర్లన్నీ ఒకే విధంగా ఉండవు. స్లాట్ వెడల్పుగా కనిపించినప్పటికీ అందులో ఎనిమిది వరుసలే పనిచేయవచ్చును. కొన్ని స్లాట్లు రెండవ ప్రాసెసర్‌కు అనుసంధానమై ఉంటాయి. సర్వర్‌లో ఒకే ప్రాసెసర్ ఉన్నచో ఆ స్లాట్లు పనిచేయవు. కార్డు పొడవును కూడా కొలవవలెను: టీ4 పొడవు 169 మిల్లీమీటర్లు, టెస్లా పీ40 పొడవు 267 మిల్లీమీటర్లు.

2. విద్యుత్ సరఫరా. 16 వరుసల స్లాట్ ద్వారా కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతుంది. 70 వాట్ల టీ4కు, 75 వాట్ల పీ4కు ఇది చాలును. ప్రత్యేక తీగ అవసరం లేదు. 250 వాట్ల పీ40కి అదనపు తీగ తప్పనిసరి.

ఈ తీగ విషయంలో అత్యంత జాగ్రత్త అవసరం. పీ40 వంటి సర్వర్ కార్డులకు ఎనిమిది సూదుల ఈపీఎస్ కనెక్టర్ ఉంటుంది. ఇందులో నాలుగు 12 వోల్టుల సూదులు, నాలుగు భూమి సూదులు. సాధారణ గ్రాఫిక్స్ కార్డుల కనెక్టర్‌లోనూ ఎనిమిది సూదులే ఉంటాయి. కాని అందులో 12 వోల్టులవి మూడు, భూమి సూదులు ఐదు, వాటి స్థానాలు కూడా తారుమారుగా ఉంటాయి. చూపునకు రెండూ ఒకేలా ఉన్నందున ఒకదాని బదులు మరొకటి వాడే పొరపాటుకు ఆస్కారం ఉంది. అట్లు జరిగినచో 12 వోల్టులు నేరుగా భూమికి కలిసి కార్డు, రైజర్ కాలిపోవచ్చును. కావున సర్వర్ నమూనాకు, కార్డు నమూనాకు రెండింటికీ సరిపోయే తీగనే వాడవలెను; మొదటిసారి అమర్చే ముందు మల్టీమీటరుతో ప్రతి సూదిని పరీక్షించవలెను.

మొత్తం విద్యుత్ అవసరాన్ని ఈ క్రింది విధంగా అంచనా వేయవచ్చును. రెండు 95 వాట్ల ప్రాసెసర్లు, 16 జ్ఞాపకశక్తి పలకలు, 8 డిస్కులు గల 2యూ సర్వర్‌ను ఉదాహరణగా తీసుకొనడమైనది.

పట్టిక 1. ఉదాహరణ సర్వర్ విద్యుత్ అంచనా (వాట్లలో)
ప్రాసెసర్లు (2 × 95): 190
జ్ఞాపకశక్తి పలకలు (16 × 4): 64
డిస్కులు (8 × 8): 64
ఫ్యాన్లు: 60
మదర్‌బోర్డు, ఇతరములు: 50
కార్డు లేకుండా మొత్తం: 428
టీ4తో మొత్తం: 498
పీ40తో మొత్తం: 678

సర్వర్లలో రెండు విద్యుత్ సరఫరా పెట్టెలు ఉన్నప్పటికీ వాటిని కూడి లెక్కించరాదు. ఒకటి చెడిపోయినప్పుడు రెండవది ఒంటరిగా భారాన్ని మోయగలగాలి. 750 వాట్ల పెట్టె ఉన్నచో టీ4తో భారం 66 శాతం, ఇది సురక్షితం. పీ40తో భారం 90 శాతానికి చేరుతుంది. శిక్షణ సమయంలో కలిగే క్షణిక హెచ్చుదలకు చోటు మిగలదు. కావున పీ40 వంటి కార్డుకు 1100 వాట్ల పెట్టెలు ఉండవలెను. పెట్టెలు మార్చే ఖర్చును కలిపి చూసినచో చవకగా లభించే పాత పెద్ద కార్డు నిజానికి చవక కాకపోవచ్చును.

3. గాలి ప్రవాహం. సర్వర్ కార్డులకు సొంత ఫ్యాను ఉండదు. సర్వర్ ముందు భాగం నుండి వెనుకకు వీచే గాలియే వాటిని చల్లబరచాలి. అందుచేత సర్వర్ లోపలి గాలి తొడుగులు, ఖాళీ స్లాట్లను మూసే పట్టీలు అన్నీ యథాస్థానంలో ఉండవలెను. పెద్ద కార్డు కొరకు కొన్ని సర్వర్లలో ప్రాసెసర్లపై పొట్టి ఉష్ణగ్రాహకాలను అమర్చి, తక్కువ వాట్ల ప్రాసెసర్లను మాత్రమే వాడవలసి ఉంటుంది. ఇంటి కంప్యూటర్లకు ఉద్దేశించిన ఫ్యాను గల కార్డు వేడిని సర్వర్ లోపలే వదులుతుంది. పైగా దాని విద్యుత్ తీగ పై అంచున ఉండి సర్వర్ లోపలి భాగాలకు తగలవచ్చును. కావున అటువంటివి తగవు.

తయారీదారు గుర్తించని కార్డును అమర్చినప్పుడు కొన్ని సర్వర్లు ఫ్యాన్ల వేగాన్ని బాగా పెంచుతాయి. శబ్దాన్ని భరించలేక ఈ వేగాన్ని ఆదేశాల ద్వారా తగ్గించే అలవాటు కొందరిలో ఉంది. సొంత ఫ్యాను లేని కార్డు విషయంలో, అందులోనూ రాయలసీమ వేసవిలో, ఇది ప్రమాదకరం.

4. ఫర్మ్‌వేర్. పీ40 వంటి కార్డులు 4 జీబీకి పైన గల చిరునామాలను పెద్ద మొత్తంలో కోరుతాయి. బయోస్‌లో ఇందుకు సంబంధించిన అనుమతిని తెరవవలెను. లేనిచో సర్వర్ ప్రారంభం కాకపోవచ్చును లేదా కార్డు కనిపించినా పనిచేయదు. కార్డును బిగించక ముందే బయోస్‌ను తాజా పరచి ఈ అమరికను మార్చుట మంచిది.

5. సాఫ్ట్‌వేర్. టెన్సర్‌ఫ్లో అధికారిక ప్రతులు 2018లో వచ్చిన 1.6 సంచిక నుండి ఏవీఎక్స్ సూచనలు గల ప్రాసెసర్లను కోరుతున్నాయి. జియాన్ ఈ5-2600 శ్రేణిలో ఇవి ఉన్నాయి. అంతకు ముందు తరపు జియాన్ 5600 శ్రేణిలో లేవు. కావున 5600 శ్రేణి సర్వర్‌కు కార్డు జోడించడం వృథా ప్రయాస. కార్డు తరమును కూడా గమనించవలెను. పీ4, పీ40 కార్డులు 2016 నాటి పాస్కల్ తరానికి చెందినవి; 2025లో విడుదలైన కూడా 13 సంచిక వీటికి మద్దతును నిలిపివేసింది. ట్యూరింగ్ తరానికి చెందిన టీ4కు మద్దతు కొనసాగుతున్నది. పైగా టీ4లోని టెన్సర్ కోర్‌లు 16 బిట్ల గణనను వేగంగా చేస్తాయి. పీ40లో ఆ గణన మిక్కిలి నిదానం.

వేసవి ఉష్ణోగ్రత, విద్యుత్ అంతరాయం

కర్నూలు, కడప పట్టణాలలో ఏప్రిల్, మే నెలల పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలను దాటడం సాధారణం. ఎక్కువ సర్వర్లకు లోనికి వచ్చే గాలి 10 నుండి 35 డిగ్రీల మధ్య ఉండవలెనని తయారీదారులు నిర్దేశిస్తారు. అనగా ఈ ప్రాంతంలో ఏసీ లేని గదిలో వేసవి పగటిపూట శిక్షణ నడపడం తగదు.

ఏసీ సామర్థ్యం సాధారణంగా సమస్య కాదు. 678 వాట్ల సర్వర్ గంటకు 2,313 బీటీయూల వేడిని విడుదల చేస్తుంది. ఒక టన్ను ఏసీ 12,000 బీటీయూలను తొలగించగలదు. అసలైన ప్రమాదం కరెంటు పోయినప్పుడు కలుగుతుంది. చాలా చోట్ల సర్వర్ యూపీఎస్‌పై ఉంటుంది, ఏసీ ఉండదు. కరెంటు పోగానే ఏసీ ఆగిపోతుంది. సర్వర్ మాత్రం పూర్తి భారంతో వేడిని వదులుతూనే ఉంటుంది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో 36 ఘనపు మీటర్ల గాలి, అనగా దాదాపు 41 కిలోల గాలి ఉంటుంది. 678 వాట్ల వేడి అంతయూ ఆ గాలిలోనే నిలిచినచో నిమిషానికి దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. గోడలు కొంత వేడిని పీల్చుకొనుటచే వాస్తవంగా పెరుగుదల నిదానిస్తుంది. అయినప్పటికీ 25 డిగ్రీల గది 35 డిగ్రీలకు చేరుటకు ఎక్కువ సమయం పట్టదు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎంతసేపు వచ్చును అన్న ప్రశ్న కన్నా గది ఎంతసేపు ఆగును అన్న ప్రశ్న ముఖ్యమైనది.

దీనికి మూడు జాగ్రత్తలు సూచించడమైనవి. మొదటిది, శిక్షణను రాత్రి వేళలలో నడపవలెను. రాత్రి పది గంటల పాటు 678 వాట్లతో నడిపినచో వినియోగం 6.8 యూనిట్లు మాత్రమే. రెండవది, శిక్షణలో ప్రతి ఆవృత్తి చివర నమూనాను డిస్కుపై భద్రపరచవలెను. అప్పుడు అంతరాయం వల్ల నష్టపోయేది ఒక ఆవృత్తి పని మాత్రమే. మూడవది, యూపీఎస్ బ్యాటరీపైకి మారిన వెంటనే శిక్షణ ఆగునట్లు, లోనికి వచ్చే గాలి 35 డిగ్రీలకు చేరినచో సర్వర్ క్రమపద్ధతిలో నిలిచిపోవునట్లు ముందుగానే ఏర్పాటు చేయవలెను. నల్లరేగడి పొలాల చెంత ఉండే కేంద్రాలలో సన్నని ధూళి ఉష్ణగ్రాహకాల సందులలో పేరుకుంటుంది కావున వేసవికి ముందు ఒకసారి, దుక్కుల కాలం తరువాత ఒకసారి శుభ్రపరచడం అవసరం.

అమర్చే విధానం

సర్వర్‌ను ఆపి, రెండు విద్యుత్ తీగలనూ తొలగించవలెను. స్థిర విద్యుత్ నివారణకు మణికట్టు పట్టీ ధరించవలెను. రైజర్‌ను పైకి తీసి, కార్డును స్లాట్‌లో పూర్తిగా దిగునట్లు అమర్చి, బ్రాకెట్‌ను బిగించి, రైజర్‌ను తిరిగి యథాస్థానంలో ఉంచవలెను. గాలి తొడుగును అమర్చకుండా సర్వర్‌ను నడపరాదు.

లినక్స్‌లో ముందుగా ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఆదేశంతో కార్డు కనిపించుచున్నదా అని చూడవలెను. పిదప ‘నూవో’ అనే సహజ డ్రైవర్‌ను నిలిపివేసి తయారీదారు డ్రైవర్‌ను స్థాపించవలెను. ‘ఎన్‌విడియా-ఎస్ఎంఐ’ ఆదేశం కార్డు ఉష్ణోగ్రతను, వాడుతున్న వాట్లను, జ్ఞాపకశక్తిని చూపుతుంది. ఒక గంట పాటు పూర్తి భారంతో నడిపి ఉష్ణోగ్రత ఒక స్థాయిలో నిలకడగా ఉన్నదా, పెరుగుతూనే ఉన్నదా అని నమోదు చేయవలెను. పెరుగుతూ ఉన్నచో ఇదే ఆదేశం ద్వారా కార్డు వాట్ల పరిమితిని తగ్గించవచ్చును. వేగం కొంత తగ్గినా కార్డు నిలుస్తుంది. ఈ పరీక్షను శీతాకాలంలో చేసి తృప్తి పడరాదు. ఏప్రిల్‌లో మరల చేయవలెను.

కార్డు కన్నా ముఖ్యమైనది

2016లో మొహంతి, హ్యూస్, సలాతే ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గమనార్హం. ప్లాంట్‌విలేజ్ సేకరణలోని 54,306 ఆకు చిత్రాలతో శిక్షణ పొందిన నమూనా అదే సేకరణ నుండి పక్కన ఉంచిన చిత్రాలపై 99.35 శాతం కచ్చితత్వం చూపింది. కాని వేరే పరిస్థితులలో తీసిన చిత్రాలపై ఆ కచ్చితత్వం దాదాపు 31 శాతానికి పడిపోయింది. ప్రయోగశాలలో ఒకే రంగు నేపథ్యంపై తీసిన ఆకుకు, పొలంలో ఎండలో, ధూళితో, ఇతర ఆకుల నడుమ ఉన్న ఆకుకు ఉన్న తేడాయే ఇందుకు కారణం. అంతేకాక ఆ సేకరణలోని 14 పంటలలో వేరుశనగ, శనగ, ప్రత్తి లేవు. కావున రాయలసీమ పంటలకు రాయలసీమ చిత్రాలే కావాలి.

చిత్రాల సేకరణలో ఈ క్రింది అంశాలు పాటించవలెను. వేరుశనగ ఆకును రెండు వైపులా చిత్రించాలి. ఏలయనగా ముందుగా వచ్చే ఆకుమచ్చలో పసుపు వలయంతో కూడిన మచ్చలు పైభాగాన స్పష్టంగా కనిపిస్తాయి, ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చలో నల్లని మచ్చలు, తుప్పు తెగులులో ఇటుక రంగు పొక్కులు అడుగు భాగాన స్పష్టంగా కనిపిస్తాయి. ప్రతి చిత్రానికి గ్రామము, తేదీ, రకము, పంట వయస్సు నమోదు చేయాలి. తెగులు పేరును తెగుళ్ళ శాస్త్రవేత్త నిర్ధారించాలి. పరీక్షకు పక్కన ఉంచే చిత్రాలను చిత్రాల వారీగా కాక పొలాల వారీగా వేరుచేయాలి. ఒకే పొలంలోని చిత్రాలు శిక్షణలోను, పరీక్షలోను ఉన్నచో వచ్చే కచ్చితత్వం మోసపూరితం. ఆళ్ళగడ్డ పొలాలతో శిక్షణ ఇచ్చి ఆదోని పొలాలతోను, పులివెందుల పొలాలతోను పరీక్షించినప్పుడు నిలిచిన నమూనాయే రైతు వద్దకు పోదగినది. ఇనుపధాతు లోపం, ఎండదెబ్బ వంటి తెగులు కాని స్థితులను కూడా చేర్చనిచో నమూనా పసుపు ఆకు కనిపించిన ప్రతిచోటా ఏదో ఒక తెగులు పేరు చెబుతుంది. దాని ఫలితం రైతు జేబుపై పడుతుంది.

ఎప్పుడు జోడించరాదు?

సర్వర్ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ లేనప్పుడు, విద్యుత్ పెట్టెలు, రైజర్, ఉష్ణగ్రాహకాలు అన్నీ మార్చవలసి వచ్చినప్పుడు, గదిలో ఏసీ లేనప్పుడు, అదే సర్వర్‌పై కార్యాలయపు ముఖ్యమైన దస్త్రాలు ఉండి ఆపుటకు వీలులేనప్పుడు ఈ ప్రయత్నం మానుకొనుట మేలు. ఏడాదిలో కొద్ది రోజులే శిక్షణ నడిపే కేంద్రానికి గూగుల్ కోలాబ్ వంటి క్లౌడ్ సేవ లేదా ఒక సాధారణ టవర్ కంప్యూటర్‌లోని కార్డు చాలును. చిత్రాలు ఏడాది పొడవునా చేరుతూ, నమూనాను తరచుగా తిరిగి శిక్షణ చేయవలసిన కేంద్రానికే సొంత సర్వర్ ప్రయోజనకరం.

ముగింపు

ఈ5-2600 శ్రేణి లేదా ఆ తరువాతి ప్రాసెసర్లు గల 2యూ ర్యాక్ సర్వర్‌కు 70 వాట్ల తరగతి కార్డును జోడించుట కర్నూలు, కడప ప్రాంత పరిస్థితులలో ఆచరణ సాధ్యం. అదనపు తీగ అవసరం లేకపోవుట, ఉన్న విద్యుత్ పెట్టెలే సరిపోవుట, వేడి తక్కువగా ఉండుట, సాఫ్ట్‌వేర్ మద్దతు కొనసాగుట దీనికి అనుకూలాంశాలు. పెద్ద కార్డుల వైపు మొగ్గే ముందు పట్టిక 1లోని లెక్కను తమ సర్వర్‌కు వేసి చూసుకొనవలెను. మొత్తం వ్యయంలో కార్డుకు పెట్టినంత శ్రద్ధనైనా పొలం చిత్రాల సేకరణకు, వాటి నిర్ధారణకు పెట్టినప్పుడే ఈ ప్రయత్నం ఫలిస్తుంది. సర్వర్ గదిలో ఆదా అయిన ధనము రైతు పొలంలో ఒక అనవసరపు పిచికారీనైనా ఆపగలిగినచో ఈ అమరిక సార్థకమైనట్లే.